యూరప్ అంతా ఒకేసారి ఊరెళ్తే

ఆగస్టు నెలలో పారిస్ వీధుల్లో నడిస్తే మూసి ఉన్న షట్టర్ల మీద చేత్తో రాసిన కాగితాలు కనిపిస్తాయి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా వార్షిక సెలవులు, తిరిగి సెప్టెంబరు మొదట్లో తెరుస్తాం అని వాటి సారాంశం. చెప్పులు కుట్టే షాపు, ఇస్త్రీ షాపు, సందు చివర చిన్న రెస్టారెంటు, అన్నింటి మీదా అదే కాగితం. రొట్టెల దుకాణాల సంగతి మాత్రం 2015 దాకా వేరు. వాటి యజమానులు తమకు వీలైనప్పుడు తాళం వేసుకుని పోవడానికి లేదు. సగం మంది జూలైలో, సగం మంది ఆగస్టులో సెలవు తీసుకోవాలని అధికారులే వంతులు వేసేవారు. ఊళ్ళో రొట్టె దొరక్కపోతే జనం తిరగబడతారన్న భయం ఫ్రెంచి విప్లవం రోజుల నాటిది. ఆ భయంలోంచి పుట్టిన నియమం రెండు శతాబ్దాల పైగా నడిచింది.

రొట్టె కోసం వంతులు వేయాల్సి వచ్చిందంటే ఆ నగరం ఎంతగా ఖాళీ అవుతుందో ఊహించుకోవచ్చు. యూరప్ పర్యటన గురించి తెలుగులో వచ్చే రాతలు ఎక్కువగా ఎక్కడికి వెళ్ళాలో చెబుతాయి. ఈఫిల్ టవర్, స్విస్ మంచు కొండలు, వెనిస్ పడవలు. కానీ ఆ ఖండంలో విహారయాత్ర ఎందుకు అలా నడుస్తుందో, ఎందుకు కొన్ని ఊళ్ళు పర్యాటకుల మీద విసిగిపోయాయో తెలియాలంటే అడగాల్సింది ఎక్కడ అని కాదు, ఎప్పుడు అని. యూరోపియన్ యూనియన్‌లో ఏడాది మొత్తం మీద పర్యాటకులు హోటళ్ళలో, అద్దె గదుల్లో గడిపే రాత్రుల్లో దాదాపు మూడో వంతు జూలై, ఆగస్టు నెలల్లోనే. క్రొయేషియాలో అయితే సగానికి పైగా ఆ రెండు నెలల్లోనే. ఎండ ఒక్కటే దీనికి కారణం అయితే జూన్, సెప్టెంబరు కూడా ఇలాగే నిండాలి. నిండవు. అసలు కారణం చట్టంలో ఉంది, ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉంది, బడి గంటలో ఉంది.

మొదట చట్టం. 1936 జూన్‌లో ఫ్రాన్సులో లియోన్ బ్లమ్ నాయకత్వంలోని ప్రభుత్వం కార్మికులందరికీ ఏడాదికి రెండు వారాలు జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. అప్పటిదాకా విహారయాత్ర అంటే డబ్బున్నవాళ్ళ వ్యవహారం. సెలవు దొరికినా రైలు టికెట్టు కొనే స్తోమత కార్మికుడికి ఎక్కడిది? అందుకే క్రీడలు, విహారాల బాధ్యత చూసిన లియో లాగ్రాంజ్ రైలు కంపెనీలతో మాట్లాడి 40 శాతం తగ్గింపుతో ప్రత్యేక టికెట్టు పెట్టించారు. ఆ వేసవిలో లక్షల మంది ఆ టికెట్టు మీద ప్రయాణం చేశారు. వాళ్ళలో చాలామంది సముద్రాన్ని చూడటం అదే మొదలు. తగ్గింపు శాతం మారినా ఏడాదికోసారి వాడుకునే ఆ సెలవు టికెట్టు ఫ్రెంచి రైల్వేలో ఇంకా ఉంది. సెలవు అనేది యజమాని దయ కాదు, హక్కు అన్న మాటను ఇంత సూటిగా అమలు చేసిన నిర్ణయాలు ఇరవయ్యో శతాబ్దంలో ఎన్నో లేవు.

రెండు వారాలు 1956లో మూడయ్యాయి, 1969లో నాలుగు, 1982లో ఐదు. దేశాన్ని బట్టి దారి వేరైనా మిగతా పశ్చిమ యూరప్ కూడా అటే నడిచింది. స్వీడన్‌లో జూన్, జూలై, ఆగస్టుల మధ్య వరసగా నాలుగు వారాలు సెలవు అడిగే హక్కు ఉద్యోగికి చట్టమే ఇచ్చింది. 1993లో యూరోపియన్ ఆదేశం సభ్య దేశాలన్నింటికీ కనీసం నాలుగు వారాల జీతపు సెలవును తప్పనిసరి చేసింది.

హక్కు సరే, ఆ సెలవు ఎప్పుడు తీసుకోవాలో తేల్చింది ఫ్యాక్టరీ. కార్ల కర్మాగారంలో సగం మంది సెలవులో ఉంటే మిగతా సగం మంది ఏమీ చేయలేరు, లైను ఆగిపోతుంది. దానికన్నా మొత్తం మూసేయడమే మేలు. పారిస్ పక్కన రెనో కర్మాగారం ఆగస్టులో మూసేవారు. దానికి విడిభాగాలు పంపే చిన్న కంపెనీలూ అప్పుడే మూసేవి, ఆ కార్మికులు తినే హోటలూ అప్పుడే. ఇటలీలో టురిన్ నగరం ఫియట్ గేట్లతో పాటు మూతపడేది. పుల్యా, కాలాబ్రియా, సిసిలీ నుంచి పనికి వచ్చిన కుటుంబాలు సామాన్లు కట్టుకుని దక్షిణానికి వెళ్ళే రైళ్ళలో కిక్కిరిసి పోయేవి. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయి విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్లు బారులు తీరడం చూసినవాళ్ళకు ఈ దృశ్యం కొత్తేమీ కాదు. అక్కడ అది రెండు మూడు రోజులు కాదు, ఒక నెల. ఇటలీలో దానికి మధ్యలో ఆగస్టు 15 పండుగ ఉంది, ఫెర్రగోస్తో. రోమన్ చక్రవర్తి అగస్టస్ క్రీస్తు పూర్వం 18లో మొదలుపెట్టిన విశ్రాంతి దినాల పేరు మీద, తర్వాత మేరీ మాత పండుగతో కలిసి, ఇప్పటికీ ఆ రోజుకు అటూ ఇటూ మిలాన్‌లో పని జరగదు. ఉత్తరాదిన నార్వేలో మాత్రం జూలైలోనే మూడు వారాలు దేశం నెమ్మదిస్తుంది. ఓస్లోలో ఎవరికైనా ఆఫీసు మెయిల్ పంపితే ఆగస్టులో చూస్తామని జవాబు వస్తుంది.

నెల కుదిరాక వారంలో ఏ రోజు బయల్దేరాలన్నది అద్దె ఇళ్ళు తేల్చాయి. సముద్రతీరంలో, కొండల్లో సెలవు ఇళ్ళను శనివారం నుంచి శనివారం దాకా వారం లెక్కన ఇవ్వడం రివాజు. పొద్దున పాతవాళ్ళు ఖాళీ చేయాలి, మధ్యాహ్నం లోపల శుభ్రం చేయాలి, సాయంత్రం కొత్తవాళ్ళు దిగాలి. ఇంటి యజమానికి ఇది సుళువు. దాని ఫలితం రోడ్డు మీద కనిపిస్తుంది. వెళ్ళేవాళ్ళూ వచ్చేవాళ్ళూ ఒకే రోజు రోడ్డెక్కుతారు. జూలై సెలవువాళ్ళు ఇళ్ళకు తిరిగొస్తుండగా ఆగస్టువాళ్ళు బయల్దేరే శనివారం మరీ ఘోరం. 1975 ఆగస్టు 2న అలాంటి శనివారమే ఫ్రాన్సు రోడ్ల మీద మొత్తం కలిపి 600 కిలోమీటర్ల మేర వాహనాలు నిలిచిపోయాయి. మరుసటి ఏడాదే ప్రభుత్వం బీజోన్ ఫ్యుతే అనే ట్రాఫిక్ సమాచార సేవ మొదలుపెట్టింది. ఆ సేవ ఇప్పటికీ ప్రతి వారాంతానికీ రంగు ప్రకటిస్తుంది. ఆకుపచ్చ అంటే హాయి, నారింజ అంటే జాగ్రత్త, ఎరుపు అంటే తిప్పలు, నలుపు అంటే ఇంట్లో ఉండటమే మేలు. ఆగస్టు మొదటి శనివారానికి నలుపు రావడం దాదాపు ఖాయం. పారిస్ నుంచి మధ్యధరా తీరానికి వెళ్ళే పాత ఏడో నెంబరు జాతీయ రహదారి మీద మోంతెలిమార్ అనే ఊరు తన మిఠాయి నూగాను ఆగిపోయిన కార్లకు అమ్మి పేరు తెచ్చుకుంది. స్విట్జర్లాండ్‌లో గొత్తార్డ్ రోడ్డు సొరంగం పొడవు 16.9 కిలోమీటర్లు. 1980లో తెరిచారు. వెళ్ళడానికి ఒకటి, రావడానికి ఒకటి, రెండే వరసలు. సెలవు రోజుల్లో దాని ముందు నిలిచే కార్ల బారు పది కిలోమీటర్లు దాటడం అక్కడ వార్తే కాదు.

ఫ్యాక్టరీల పట్టు ఇప్పుడు సడలింది. ఉద్యోగాల్లో చాలా భాగం ఆఫీసులకూ సేవలకూ మారాయి, కావాలంటే అక్టోబరులో సెలవు పెట్టుకోవచ్చు. అయినా రద్దీ తగ్గలేదంటే కారణం బడి. పిల్లలున్న కుటుంబానికి సెలవు తేదీలు నిర్ణయించేది విద్యాశాఖే. జర్మనీ ఈ సంగతిని ముందే పట్టించుకుంది. అక్కడి 16 రాష్ట్రాలు 1964 నాటి ఒప్పందం ప్రకారం వేసవి సెలవుల్ని ఎడంగా పెట్టుకుంటాయి. ఒక్కో రాష్ట్రానికి సెలవు ఆరు వారాల పైచిలుకే, కానీ మొదలయ్యే తేదీలు వేరు కాబట్టి దేశం మొత్తం మీద సెలవుల కాలం జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా సాగుతుంది. తేదీలు ఏటా మారుతుంటాయి. బవేరియా, బాడెన్-వుర్టెంబర్గ్ మాత్రం ఎప్పుడూ చివరి వంతే ఉంచుకుంటాయి, మిగతా రాష్ట్రాలకు ఇది చాలా కాలంగా కంటగింపు. నెదర్లాండ్స్ చిన్న దేశమైనా ఉత్తర, మధ్య, దక్షిణ అని మూడు ముక్కలు చేసి వారం వారం తేడాతో బళ్ళు మూస్తుంది.

ఫ్రాన్సు తీరు విచిత్రంగా ఉంటుంది. చలికాలం, వసంతం సెలవులకు దేశాన్ని మూడు జోన్లుగా విడగొట్టారు. ఫిబ్రవరిలో పారిస్ పిల్లలకు ఒక వారం సెలవు మొదలైతే, లియోన్ నగరం పిల్లలకు ఇంకో వారం. ఇది ప్రధానంగా ఆల్ప్స్ స్కీయింగ్ ఊళ్ళ కోసం. రెండు వారాల రద్దీని నాలుగు వారాలకు పరిస్తే హోటళ్ళు ఎక్కువ రోజులు నిండుతాయి. అయితే వేసవికి ఆ జోన్లు లేవు, దేశమంతా ఒకే రోజు బడి వదిలేస్తుంది. కొండ ఊళ్ళకు పనికొచ్చిన ఉపాయం సముద్ర తీరానికి ఎందుకు పనికిరాదో సమాధానం చెప్పడం కష్టం.

రద్దీ ఉన్నచోట ధర పెరుగుతుంది. ఇంగ్లండ్‌లో బడి మూసిన వారం నుంచే స్పెయిన్‌కు విమాన టికెట్టు, హోటల్ ప్యాకేజీ ధరలు ఎక్కడికో వెళ్ళిపోతాయి. అందుకని పిల్లల్ని బడి మాన్పించి జూన్‌లోనే తీసుకెళ్ళే తల్లిదండ్రులు చాలామంది. దానికి జరిమానా ఉంది. 2024 ఆగస్టు నుంచి ఒక్కో పిల్లకు, తల్లికీ తండ్రికీ విడివిడిగా 80 పౌండ్లు, మూడు వారాల్లోపు కట్టకపోతే 160. ఐల్ ఆఫ్ వైట్‌లో ఒక తండ్రి కూతుర్ని బడి రోజుల్లో ఫ్లోరిడా తీసుకెళ్ళి జరిమానా కట్టనన్నాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2017లో అతనికి వ్యతిరేకంగా తేలింది. పిల్లల చదువు సంగతి నిజమే. కానీ ఆరు వారాల ఇరుకు సందులోకి దేశం మొత్తాన్ని నెట్టి, ఆ సందు బయటికి అడుగు పెట్టిన కుటుంబాన్ని మాత్రం శిక్షించడం న్యాయంగా లేదు. ధర భరించలేని కుటుంబాలకే ఆ శిక్ష తగులుతుంది.

ఇక ఈ జనమంతా దిగే ఊళ్ళ వైపు నుంచి చూడాలి. ఇటలీలో రిమిని తీరం దీనికి పాత ఉదాహరణ. 1843లో అక్కడ మొదటి స్నానాల కేంద్రం తెరిచారు. ఇప్పుడు ఆ తీరమంతా నెంబర్లు వేసిన బీచ్ కేంద్రాలే. ఒక్కోదానిలో గొడుగులు వరసలుగా నాటి ఉంటాయి, గొడుగు కింద రెండు వాలు కుర్చీలు. నీళ్ళకు దగ్గరున్న మొదటి వరస ఖరీదు ఎక్కువ, వెనక్కి పోయేకొద్దీ తగ్గుతుంది. కొన్ని కుటుంబాలు తరం మారినా అదే కేంద్రంలో అదే వరస గొడుగు తీసుకుంటాయి. ఎడమవైపు గొడుగు కింది కుటుంబంతో పరిచయం కూడా అలా ఏళ్ళ తరబడి నడుస్తుంది. బయటి నుంచి చూసేవాళ్ళకు అది ఇరుకుగా, సందడిగా అనిపిస్తుంది. వాళ్ళకు అదే సొంతూరు లాంటిది. అందరూ ఆగస్టులోనే వెళ్ళాలనుకోవడానికి ఇలాంటి బంధాలూ కారణమే. చవక ధర చూపించి సెప్టెంబరుకు రమ్మంటే ఆ పక్క గొడుగువాళ్ళు ఉండరు.

స్పెయిన్‌లోని మయోర్కా దీవి కథ వేరు. అది ఉన్న బలేరిక్ దీవుల మొత్తం జనాభా సుమారు 12 లక్షలు. మయోర్కాలోని పాల్మా విమానాశ్రయం ఒక్కటే 2024లో 3.3 కోట్ల ప్రయాణికులను చూసింది. ఆ విమానాశ్రయం, మురుగునీటి శుద్ధి కేంద్రం, రోడ్లు, అన్నీ ఆగస్టు లెక్కకు కట్టాలి. జనవరిలో అవి చాలా వరకు ఖాళీ. హోటల్ ఉద్యోగమూ అంతే. చాలామందికి ఆరు నుంచి ఎనిమిది నెలలు పని, మిగతా కాలం ఇంటి దగ్గర నిరుద్యోగ భృతి. ఆ ఆరు నెలల్లో పని బరువు మామూలుగా ఉండదు. గదులు శుభ్రం చేసే ఆడవాళ్ళు షిఫ్టులో ఇరవై గదుల దాకా చేస్తారు. ప్రతి గదిలో పరుపు ఎత్తి దుప్పటి మడవాలి, వంగి లేవాలి. నడుము నొప్పి, భుజాల నొప్పి మందులతో సీజను గడుపుతారు. స్పెయిన్‌లో వాళ్ళు కెల్లీస్ అనే పేరుతో సంఘం పెట్టుకుని పోరాడారు. 2022లో బలేరిక్ ప్రభుత్వం హోటళ్ళలో ఎత్తు పెంచి తగ్గించగలిగే మంచాలు పెట్టాలని చట్టం చేసింది. చిన్న మార్పులా కనిపించే ఈ మంచమే పర్యాటకం మీద వచ్చిన మంచి చట్టాల్లో ముందు నిలుస్తుంది. ఆ దీవుల్లో హోటల్ బస మీద పన్ను కూడా ఉంది. 2016లో మొదలైంది, పెద్ద హోటళ్ళలో మనిషికి రాత్రికి 4 యూరోల దాకా. చలికాలంలో ఆ పన్నులో 75 శాతం తగ్గింపు. క్యాలెండరును చూసి పన్ను వేయడం తెలివైన పనే, కానీ మూడు యూరోల తేడా చూసి బడి పిల్లలున్న కుటుంబం నవంబరుకు మారదు.

వెనిస్ ప్రవేశ రుసుము గురించి ప్రపంచమంతా రాశారు. 2024 ఏప్రిల్ 25న మొదలుపెట్టి ఆ ఏడాది 29 రోజులు, రాత్రి బస చేయకుండా పగలు వచ్చిపోయేవాళ్ళ దగ్గర 5 యూరోలు వసూలు చేశారు. 2025లో 54 రోజులు, ఆఖరి నిమిషంలో కట్టేవాళ్ళకు 10 యూరోలు. ఎక్కువమంది గమనించని విషయం ఒకటుంది. ఆ తేదీల్లో ఆగస్టు లేదు. ఏప్రిల్ నుంచి జూలై దాకా, ఎక్కువగా వారాంతాలు, ఇటలీ జాతీయ సెలవుల చుట్టుపక్కల రోజులు. వెనిస్‌ను ముంచేది వారం రోజులు ఉండే అతిథి కన్నా పొద్దున రైలు దిగి సాయంత్రం వెళ్ళిపోయే జనమేనని నగర పాలకులకు తెలుసు. ఒకప్పుడు, 1951 ప్రాంతంలో, ఆ పాత నగరంలో సుమారు 1,75,000 మంది కాపురం ఉండేవారు. ఇప్పుడు 50 వేల లోపు. రియాల్టో వంతెన దగ్గర ఒక మందుల షాపు కిటికీలో 2008 నుంచి ఎర్ర అంకెల బోర్డు నగర జనాభాను చూపిస్తూ ఉంది. అంకె తగ్గుతూనే ఉంది. అయిదు యూరోలు దాన్ని ఆపలేవు. ఇళ్ళు అద్దె గదులుగా మారకుండా ఆపితే కొంత నయం. ఆ దారిన బార్సిలోనా వెళ్తోంది, అక్కడ పర్యాటకులకిచ్చే దాదాపు పది వేల ఫ్లాట్ల లైసెన్సుల్ని 2028 తర్వాత పొడిగించబోమని మేయరు 2024లో ప్రకటించారు.

ఒకేసారి అందరూ ఊరెళ్ళడం వల్ల వచ్చే కష్టం వెళ్ళిన చోటే కాదు, వదిలి వెళ్ళిన చోట కూడా ఉంటుంది. 2003 ఆగస్టు మొదటి పక్షంలో ఫ్రాన్సును విపరీతమైన వేడి కమ్మేసింది. సుమారు 15 వేల మంది చనిపోయారు, చాలామంది ముసలివాళ్ళు, పారిస్ అపార్టుమెంట్ల పై అంతస్తుల్లో ఒంటరిగా ఉన్నవాళ్ళు. పిల్లలు సెలవుల్లో, పక్కింటివాళ్ళు సెలవుల్లో, రోజూ చూసే డాక్టరు సెలవులో. ఆసుపత్రుల్లో ఆగస్టు అని కొన్ని వార్డులు మూసి ఉన్నాయి. ఆరోగ్య మంత్రి కూడా తన సెలవు ఇంటి నుంచే టీవీలో మాట్లాడారు. సెప్టెంబరు 3న ఎవరూ తీసుకెళ్ళని 57 మృతదేహాలను పారిస్ శివార్లలోని తియే శ్మశానంలో ఖననం చేశారు, దేశాధ్యక్షుడు షిరాక్ వచ్చి నిలబడ్డారు. ఆ తర్వాత చట్టాలు మారాయి. ముసలివాళ్ళ సంక్షేమ నిధి కోసం ఉద్యోగులంతా ఏడాదికో రోజు అదనంగా పనిచేసే పద్ధతి వచ్చింది. ప్రతి మేయరు కార్యాలయంలో ఒంటరి వృద్ధుల జాబితా పెట్టి, వేడి పెరిగితే ఫోన్ చేసి పలకరించే ఏర్పాటు చేశారు.

ఇప్పుడు ఆ వేడి సెలవు ఊళ్ళనే తరుముతోంది. 2023 జూలైలో గ్రీస్‌లోని రోడ్స్ దీవిలో కార్చిచ్చు వచ్చి దాదాపు 19 వేల మందిని ఖాళీ చేయించారు. పర్యాటకులు బ్యాగులు లాక్కుంటూ తీరం వెంట నడిచారు, కొందరిని పడవల్లో తరలించారు. అదే నెలలో ఏథెన్స్‌లో కొండ మీది పురాతన కట్టడాల చోటు ఆక్రోపొలిస్‌ను మధ్యాహ్నం వేళల్లో మూసేశారు. దాంతో పెన్షనర్లు, పిల్లలు లేనివాళ్ళు మే, జూన్, సెప్టెంబరు, అక్టోబరులకు జరుగుతున్నారు. నార్వే, ఫిన్లాండ్, స్కాట్లండ్ చల్లదనాన్ని వెతుక్కునేవాళ్ళూ పెరుగుతున్నారు. పిల్లలున్నవాళ్ళు మాత్రం 40 డిగ్రీల ఎండలోకి, అత్యధిక ధర చెల్లించి, అదే ఆగస్టులో వెళ్తున్నారు. అందుకే పర్యాటక మంత్రులు చేసే ప్రచారాల కన్నా విద్యా మంత్రులు మార్చే ఒక్క తేదీ ఎక్కువ పని చేస్తుంది.

తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్ళేవాళ్ళకు ఈ లెక్కలో ఒక సౌకర్యం ఉంది. ఇక్కడ బడి సెలవులు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా. అంటే యూరప్ కుటుంబాలు బయల్దేరక ముందే వెళ్ళి రావచ్చు. పగలు పొడుగు, ఎండ మితం, గదులు కాస్త చవక. ఇబ్బందులూ లేకపోలేదు. హాలండ్ తులిప్ తోట క్యూకెన్‌హాఫ్ మే రెండో వారానికల్లా మూసేస్తారు. మేలో స్విస్ ఎత్తైన కనుమ దారుల్లో కొన్ని ఇంకా మంచు కింద ఉంటాయి, కొన్ని రోప్‌వేలు రిపేర్ల కోసం ఆగుతాయి. ఫ్రాన్సులో మే నెల నిండా జాతీయ సెలవులే, ఇటలీలో ఏప్రిల్ 25, మే 1, జూన్ 2. ఆ రోజుల చుట్టూ ఫ్లోరెన్స్, వెనిస్ పెట్టుకోకపోవడం మంచిది. అసలు టెన్షన్ ఇక్కడి నుంచే మొదలవుతుంది, వీసా అపాయింట్‌మెంట్ దగ్గర. మన సెలవులూ ఒకేసారి కాబట్టి మార్చి, ఏప్రిల్ నెలల్లో షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా, దాని తేదీలు దొరకవు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. పెద్దవాళ్ళకు ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. జనవరిలో కదిలినవాళ్ళకు ఈ తిప్పలు చాలా వరకు తప్పుతాయి.

అక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు మాత్రం రెండు క్యాలెండర్ల మధ్య నలగడమే. లండన్‌లో చదివే పిల్లలకు జూలై ఆఖరి వారం దాకా బడి. వాళ్ళు హైదరాబాద్ లేదా గుంటూరు వచ్చేసరికి ఇక్కడి పిన్ని పిల్లలు, మేనమామ పిల్లలు బడికి పోతుంటారు. వీళ్ళకు సెలవులున్న మే నెలలో వాళ్ళకు పరీక్షలు. టికెట్టు ధర చూస్తే జూలై, ఆగస్టుల్లో నలుగురి ప్రయాణానికి ఒక నెల జీతం సరిపోదు. అందుకే ఇళ్ళల్లో పెళ్ళి మాట వచ్చినప్పుడు శ్రావణంలో ముహూర్తం దొరుకుతుందేమో చూడమని విదేశాల్లో ఉన్న అన్నయ్యలు, అక్కలు ముందే ఫోన్ చేస్తారు. ఆషాఢం ఎప్పుడు పోతుందో, ఇంగ్లండ్ బడి ఎప్పుడు వదులుతారో రెండూ పక్కపక్కన పెట్టుకుని తేదీ వెతుకుతారు.